నాలుగు తరాల సవరం

అక్క ఆ పెట్టెను చేతికివ్వలేదు. వరండా గట్టు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, అప్పుడు "తీసుకో" అంది.

చేతికిస్తే వేళ్ళు తగులుతాయి. చెల్లెలి వేళ్ళు పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళు దువ్వెనల్లోంచి లాగి పారేసిన జుట్టులో తిరిగే వేళ్ళు. ఎంత సబ్బు అరగదీసినా అక్క దృష్టిలో అవి కడిగిన చేతులు కావు. ఆ ఇంట్లో ఆమెకు టీ కాగితం గ్లాసులోనే వస్తుంది. తాగాక ఎవరూ ఆ గ్లాసు ముట్టుకోరు. ఆమే నలిపి, వెళ్తూ వెళ్తూ వీధి మలుపులో చెత్తడబ్బాలో వేసుకోవాలి. మొదట్లో ఉడుక్కునేది గానీ ఇప్పుడు అదీ మానేసింది. విగ్గులు తయారుచేసే షెడ్డులో ఆమెకు చిక్కులక్క అని పేరు. చిక్కుబడ్డ జుట్టు ఉండల్ని విడదీయడం ఆమె పని. అంత చిక్కు తీసే మనిషి ఈ గ్లాసు చిక్కు ఒక్కటీ తీయలేక వదిలేసింది.

"జాగ్రత్త. అది మామూలు జుట్టు కాదు. మీ షెడ్డులో చెత్తతో కలిపేసేవు" అంది అక్క.

"కలిస్తే ఏం పోయింది? నీ కూతురి తలకి ఊరంతా చుట్టమవుతుంది."

"ఛీ, ఇప్పుడే తిని లేచాను. నోరు ముయ్యి."

లోపలి నుంచి పెళ్లికూతురు పరుగున వచ్చింది. వేళ్ళకు రంగు ఆరలేదని చేతులు రెండూ గాల్లో ఎత్తిపట్టుకుని ఉంది. "పిన్నీ, నిగనిగలాడిపోవాలి. వీడియోవాళ్ళు వెనక నుంచి జడని ప్రత్యేకంగా తీస్తారట. దాని కథ కూడా చెప్పమన్నారు. అమ్మ అద్దం ముందు బట్టీ పడుతోంది."

"బట్టీ పట్టేదేముందే, పుట్టినప్పటి నుంచీ విన్నదేగా" అంటూనే అక్క గొంతు సవరించుకుంది. "మా తాతమ్మ దువ్వుకున్నప్పుడల్లా రాలిన వెంట్రుకల్ని పారేయకుండా డబ్బాలో దాచుకునేదట. ఆవిడ తర్వాత మా అమ్మమ్మ, ఆ తర్వాత మా అమ్మ, చివరికి నేను. నాలుగు తరాల ఆడవాళ్ళ జుట్టు ఈ సవరం. మా ఇంట్లో ఏ ఆడపిల్ల పెళ్లయినా మా పెద్దవాళ్ళందరూ దాని వీపు మీద చెయ్యి వేసినట్టే."

చివరి మాట దగ్గర అక్క కళ్ళు తడయ్యాయి. తడి నిజమే. అక్క తలది ఒక్క వెంట్రుకైనా ఆ సవరంలో కలవలేదన్న సంగతి చెల్లెలికి తెలుసు. పెళ్లి వేళ పోనీలే అనుకుంది.

గోడవారగా చీపురు చప్పుడైంది. గుండు పిన్ని వరండా ఊడ్చుకుంటూ వస్తోంది. అమ్మకు చెల్లెలు ఆవిడ. అమ్మతో పాటే ఆ ఇంటికి వచ్చి, అంట్లూ గుడ్డలూ ఊడ్పూ తన పనిగా చేసుకుని, వెనక కొట్టుగదిలో ఉంటుంది. నెరిసిన జుట్టు, వేలెడు కూడా లేకుండా చెవుల పైకి కత్తిరించి ఉంటుంది. చిన్నప్పుడు తల నిండా పేలు పడ్డాయట, ఎంతకీ పోక అమ్మమ్మ కోసేసిందట. అప్పటి నుంచీ పెరగనివ్వలేదట. ఆ ఇంట్లో పిల్లలకు పేల దువ్వెన చూపించి భయపెట్టాలన్నా ఆవిడ పేరే చెప్పేవాళ్ళు: కదలకుండా కూర్చోకపోతే గుండు పిన్ని లాగా అయిపోతావ్. పిల్లలు ఠక్కున కూర్చునేవాళ్ళు. పెళ్లికూతురు ఇప్పటికీ ఆవిడను గుండమ్మమ్మ అనే పిలుస్తుంది. పిలిస్తే పలుకుతుంది.

గుండు పిన్ని చీపురు ఆపి పెట్టె వంక చూసింది. "వేడినీళ్ళు పొయ్యకే. గోరువెచ్చగా ఉండాలి. ఎండలో పెట్టకు, ఎర్రబడుతుంది. నీడనే ఆరెయ్యి" అంది.

"నా పని నాకే నేర్పుతున్నావా పిన్నీ?"

"దాని పని చెప్తున్నా" అని ఆవిడ మళ్ళీ ఊడ్చుకుంటూ వెళ్లిపోయింది. గట్టు కింద పడిన కాగితం గ్లాసు దగ్గర ఆగి, వంగి, చేత్తోనే తీసుకుంది.

*

షెడ్డులో అడుగుపెట్టగానే కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. గోతాల నిండా జుట్టు ఉండలు. చుండ్రు, దుమ్ము, ఎండిన నూనె, ఎక్కడో ఒక బొట్టుబిళ్ళ, విరిగిన పిన్ను, చచ్చిన పేను. ఒక మూల పెద్ద గంగాళాల్లో సబ్బునీళ్ళు మరుగుతుంటాయి. ఇంకో మూల మేకుల పలకలు, బారెడు పొడవు చెక్కలో వరసగా నిలువుగా దిగ్గొట్టిన మేకులు. కడిగిన జుట్టు కుచ్చుల్ని వాటి మీద వేసి లాగుతుంటే సర్రు సర్రుమని చప్పుడు. ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళు వరసగా కూర్చుని దబ్బనాలతో ఉండల్ని విప్పుతుంటారు. చిక్కులక్క మాత్రం గుడ్డ కట్టుకోదు. మనుషుల తలల్లో ఉన్నదే కదా, నేల మీద పడగానే పాడైపోయిందా అంటుంది.

మధ్యాహ్నం అందరూ తిండికి లేచాక ఆమె చేతులు కడుక్కుని, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పెట్టె మూత తీసింది.

కళ్ళ ముందు తన పెళ్లి మెదిలింది. ఆ రోజు ఇదే సవరం వీపు మీద బరువుగా ఊగుతుంటే తాను తల ఎత్తుకుని నడిచింది. గుండు పిన్నే అల్లింది. అల్లుతున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. చెవి వెనక ఆవిడ వేళ్ళు చల్లగా తగిలిన గుర్తు మాత్రం ఉంది.

టోపీ మామ తన మూల నుంచి తొంగిచూశాడు. విగ్గులకు అడుగున జాలీ టోపీలు కుట్టే ముసలాయన. ఆయన తల మీద మాత్రం ఒక్క వెంట్రుక లేదు. ఆ సంగతి ఎవరికంటే ముందు తనే జోకు చేసుకుంటాడు.

"ఏందే అది, నాగుపాములా పడుకుంది? నాకు ఇచ్చెయ్యి, ఈ వయసులో సంబంధాలు వస్తాయి."

"మా ఇంటి సవరం మామా. నాలుగు తరాలది. మా తాతమ్మ నాటిది."

"తాతమ్మదా? ముట్టుకోవచ్చా?" ఆయన కుచ్చు చివర చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. "మీ తాతమ్మ చిన్నపిల్లగా ఉండగానే పోయిందా?"

"లేదే, పండుముసలిదై పోయింది. ఏం?"

"ఒక్క నెరిసిన వెంట్రుక లేదు మరి. పదహారో పదిహేడో ఉంటాయి ఈ తలకి" అని, విడిచిపెట్టి, తన సూదీ దారం దగ్గరకు పోయాడు. ఆయనకది పెద్ద సంగతేం కాదు. రోజుకు ఎన్ని తలలు చూస్తాడో.

చిక్కులక్క నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

కుచ్చులోంచి ఒక్క వెంట్రుక లాగి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా నలిపింది. అలా నలిపితే ఏ వెంట్రుకైనా తన కుదురు వైపుకే పాకుతుంది. ఆ షెడ్డులో ఆడవాళ్ళకు అన్నం పెట్టే విద్య అదే. దువ్వెనల్లో రాలిన జుట్టు ఎటుపడితే అటు ఉంటుంది, కుదుళ్ళూ కొనలూ కలగాపులగంగా. వెంట్రుక పైకి పాకింది. ఇంకోటి లాగింది. అదీ పైకే. కుచ్చు మధ్యలోంచి, అడుగులోంచి, అంచుల్లోంచి లాగి నలిపింది. అన్నీ ఒకే వైపుకు, బుద్ధిగా, ఒకే తల వైపుకు పాకాయి.

ఆమె కిటికీ దగ్గరకు జరిగింది. రాలిన వెంట్రుకకు కుదురు దగ్గర తెల్లగా చిన్న గుబ్బ ఉంటుంది, చిటికెడు పిండి అంటినట్టు. ఎంత వెతికినా ఒక్కదానికీ గుబ్బ లేదు.

సవరం పైకొసన నల్లదారంతో గట్టిగా చుట్టిన ముడి ఉంది. చిన్నప్పటి నుంచీ ఆ ముడిని ఎవరూ విప్పగా చూడలేదు. విప్పితే పెద్దవాళ్ళ ఉసురు తగులుతుందని అమ్మ అనేది. ఆమె బ్లేడు తీసుకుని దారాన్ని ఒక్కో పేటా తెంపింది. లోపల ఇంకో చుట్టు, ఇంకో చుట్టు. చివరి చుట్టు ఊడి, ముడి పువ్వులా విచ్చుకుంది.

తెలిసి, ఒప్పుకుని ఇచ్చిన జుట్టు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. రబ్బరు బిగించి, ఒక్క కత్తెరవేటున తెగుతుంది. కొస గీత గీసినట్టుంటుంది. ఇది అలా లేదు. మెట్లు మెట్లుగా, ఒకచోట కురచగా, ఒకచోట బెత్తెడు కిందకి, నమిలి ఉమ్మినట్టు ఉంది. ఒకచోట కొసలన్నీ వాలుగా పక్కకు తెగి ఉన్నాయి. తల పక్కకు లాక్కున్నప్పుడు పడే కోత అది. పిడికిట్లో పట్టుకున్న చెయ్యి వదల్లేదు. కత్తెర ఆగలేదు.

దుమ్ములో, చుండ్రులో, చచ్చిన పేలల్లో ఏళ్ళ తరబడి చేతులు పెట్టిన మనిషి. ఎప్పుడూ ముక్కు చిట్లించలేదు. ఈ శుభ్రమైన, నూనె రాసిన, గుడ్డలో చుట్టి మొక్కినంత పని చేసిన జుట్టును చూసి ఆమెకు డోకు వచ్చింది. లేచి వెళ్లి గంగాళం పక్కన కుళాయి తిప్పి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంది. మళ్ళీ రుద్దుకుంది. వీపు మీద, తన పెళ్లినాడు అది వేలాడినంత మేరా, దురద పుట్టినట్టయింది. అక్కడికి చెయ్యి అందలేదు.

*

అమ్మ మంచం మీద కూర్చుని పెళ్లి బట్టలు దొంతర్లు పెడుతోంది. ఎవరికి ఏది పెట్టాలో గొణుక్కుంటూ, పెట్టిందాన్ని తీసి ఇంకో దొంతర్లో వేస్తోంది. చిక్కులక్క గుమ్మం దగ్గరే నిలబడింది. లోపలికి వస్తే బట్టలు ముట్టుకోకు అంటారని ఆమెకు తెలుసు.

"కడిగావా?" అంది అమ్మ తల ఎత్తకుండా.

"కడిగాను. అమ్మా, అది రాలిన జుట్టు కాదు. కోసిన జుట్టు."

"పేలు పడితే కొయ్యరా?"

మాట జారిపోయింది. జారినట్టు అమ్మకూ తెలిసింది. చేతిలో మడత బట్ట మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది. బయట కుళాయి దగ్గర గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

పేలు పడ్డాయని చెప్పుకునే మనిషి ఆ ఇంట్లో ఒక్కతే.

"పిన్నిదా?" అంది చిక్కులక్క.

"మెల్లగా. గోడలకు చెవులుంటాయి, అరుస్తావేం."

"అరవలేదమ్మా. అడిగాను."

అమ్మ లేచి తలుపు దగ్గరగా వేసింది. తిరిగి వచ్చి కూర్చున్నాక ముఖంలో భయం పోయి విసుగు వచ్చింది. "నాకప్పుడు విషజ్వరమొచ్చి జుట్టంతా ఊడిపోయింది. అవతల సంబంధం వాళ్ళు వస్తామని కబురు పెట్టారు. తలుపు వెనక దాక్కోమంటావా? దానికి మోకాళ్ళ దాకా ఉండేది. మా అమ్మ కోసింది. నేను కొయ్యలేదు."

"నువ్వు పెట్టుకున్నావు."

"నువ్వు పెట్టుకోలేదూ?"

చిక్కులక్క చెయ్యి తన వీపు వైపుకు పోయింది.

"జుట్టేగా. మొలుస్తుంది కదా అంది మా అమ్మ. ఇంత రాద్ధాంతం చేసి పెళ్లిపిల్ల ఏడుపు చూస్తావా? దానికేం లోటు చేశాం? అన్నం పెట్టలేదా, గుడ్డ ఇవ్వలేదా, నీడన ఉంచుకోలేదా?"

"మొలిచిందా మరి?"

"మొలిస్తే ఊరుకుంటారా ఎవరైనా? చెల్లెలి జడ అంత, అక్కదేమో సవరం తీస్తే ఇంత, ఏమిటి సంగతి అని మీ నాన్న తాలూకు వాళ్ళు ఆరా తియ్యరూ? మా అమ్మే వచ్చినప్పుడల్లా చూసుకునేది, పెరగకుండా." అమ్మ దొంతరను అరచేత్తో తట్టి సరిచేసింది. "తర్వాత దానికే అలవాటైపోయింది."

"ఆ తాతమ్మ, డబ్బా, దువ్వుకున్నప్పుడల్లా దాచడం... ఈ కథంతా?"

"మరి ఎవరిదని చెప్పమంటావే?" అంది అమ్మ, నిజంగానే సందేహం అడుగుతున్నట్టు.

తలుపు తోసుకుని గుండు పిన్ని వచ్చింది. ఒక చేతిలో అమ్మకు గాజు గ్లాసు, రెండో చేతిలో కాగితం గ్లాసు. చిక్కులక్క గ్లాసు అందుకుంది గానీ తాగలేకపోయింది. టీ మీద మీగడ కట్టి, ముడతలు పడి, అంచుకు అంటుకుంది.

*

దొడ్లో బండ మీద గిన్నెలు బోర్లించి ఉన్నాయి. గుండు పిన్ని చెంబు నీళ్ళతో బండ కడుగుతోంది. చిక్కులక్క సంచిలోంచి పెట్టె తీసి, మూత తెరిచి, ఆవిడ ముందు పెట్టింది. ముడి లేని సవరం పెట్టెలో వదులుగా పరుచుకుని ఉంది.

గుండు పిన్ని ముడి ఉండాల్సిన చోటు చూసింది. "విప్పావా?" అంది.

"విప్పాను."

"మంచి కత్తెర కాదు అది. గోనె కోసే కత్తెర" అని, మళ్ళీ నీళ్ళు చల్లింది. "తలంటు పోస్తా రావే అని దొడ్లోకి పిలిచింది మా అమ్మ. ఎప్పుడూ పోసేది కాదు, నేనే పోసుకునేదాన్ని. ఎంత మురిసిపోయానో. నీళ్ళు కాగుతున్నాయి గదా అని కళ్ళు మూసుకు కూర్చున్నా. చల్లగా తగిలింది మెడకి."

చిక్కులక్క బండ అంచున కూలబడింది. "నువ్వెందుకు నోరెత్తలేదు పిన్నీ? ఇన్నేళ్ళు? నువ్వే నూనె రాశావు, నువ్వే నీడన ఆరేశావు. మా అందరికీ నువ్వే అల్లావు."

"నాది నేను చూసుకోకపోతే ఎవరు చూస్తారు?"

ఆ మాట ఆవిడ మామూలుగానే అంది. చిక్కులక్కకు మాత్రం చెంప మీద కొట్టినట్టు తగిలింది. తన చెవి వెనక చల్లగా తాకిన వేళ్ళు తన కోసం తాకలేదన్నమాట.

"తీసుకో. నీది నీకు తెచ్చాను. అక్కకు ఏదో ఒకటి చెప్పుకుంటాను. గంగాళంలో పడి ఉడికిపోయిందంటాను."

గుండు పిన్ని పెట్టె వంక చెయ్యి చాచలేదు. "ఎవరూ చూడకుండా దొడ్లో పోయింది. మళ్ళీ దొడ్లోనే తిరిగిస్తావా?" అంది.

"మరేం చెయ్యమంటావు?"

"నీ పని చెయ్యి. నిగనిగలాడించు, ముడి మళ్ళీ కట్టు. పెళ్లినాడు ఎప్పట్లాగే నేనే అల్లుతా." చేతులు కొంగుకు తుడుచుకుని, పెట్టె మూత తనే వేసి, చిక్కులక్క చేతికిచ్చింది. వేళ్ళు తగిలాయి. ఆవిడ వేళ్ళు వెనక్కి తీసుకోలేదు.

చిక్కులక్క ఆ పని చేసింది. షెడ్డులో అందరూ వెళ్లాక సాయంకాలపు వెలుతుర్లో కూర్చుని, కుచ్చును మెల్లగా దువ్వి, ఆ మెట్లు మెట్ల కోత మీద నల్లదారం చుట్టింది. ఒక్కో చుట్టుకూ పళ్ళు బిగుసుకున్నాయి. అసహ్యం దారం మీదో, జుట్టు మీదో, తన వేళ్ళ నేర్పు మీదో తెలియలేదు. ముడి ఎంత అందంగా కుదిరిందంటే, టోపీ మామ పొద్దున్నే చూసి "నీ చేతికి దండం పెట్టాలే" అన్నాడు. ఆమె చెయ్యి వెనక్కి దాచుకుంది.

*

పెళ్లి హాలు పక్కన పెళ్లికూతురిని ముస్తాబు చేసే గది. నిలువుటద్దం చుట్టూ బల్బులు, నేల మీద పిన్నులు, దూది, పౌడరు. పెళ్లికూతురు స్నేహితురాళ్ళు కుర్చీలు చాలక అరుగు మీదా కిటికీ మీదా ఎక్కి కూర్చున్నారు. అమ్మను మంచి కుర్చీలో, కెమెరాకు కనపడేట్టు కూర్చోబెట్టారు. చిక్కులక్క తలుపు పక్కన గోడకు ఆనుకుంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

గుండు పిన్ని పెళ్లికూతురి వెనక నిలబడి అల్లుతోంది. సవరం ముడిని పిల్ల జుట్టు లోపలికి దోపి, మూడు పాయలు చేసి, ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ దిగుతోంది. అల్లినకొద్దీ జడ బరువెక్కుతోంది. అద్దంలో పిల్ల మెడ తనంతట తనే నిటారుగా లేచింది.

వీడియో అబ్బాయి లైటు వేశాడు. అక్క జడ పక్కన నిలబడి బట్టీ పట్టింది చెప్పింది. తాతమ్మ, డబ్బా, అమ్మమ్మ, అమ్మ, తను. వీపు మీద చెయ్యి దగ్గర గొంతు సరిగ్గా వణికింది. స్నేహితురాళ్ళు "అబ్బ!" అన్నారు. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

"చాలా బాగా వచ్చిందండీ" అన్నాడు వీడియో అబ్బాయి. కెమెరా కాస్త పైకెత్తాడు. "అల్లే అమ్మమ్మగారు కూడా ఒక మాట చెప్తే బావుంటుంది. మీరు వీళ్ళకేమవుతారండీ?"

"ఆవిడ మా ఇంట్లోనే ఉంటుందిలే, అక్కర్లేదు" అంది అక్క.

"నేనా బాబూ?" గుండు పిన్ని పాయ మీద పాయ వేసి బిగించింది. "ఈ జుట్టు నాది."

ఎవరో కిసుక్కుమన్నారు. వేలెడు జుట్టు లేని తల, చేతిలో అంత జడ.

"నాదేనమ్మా. నవ్వుతారేం? మా అక్క పెళ్లికి మా అమ్మ కోసింది. కుర్చీలో కూర్చుందిగా, ఆవిడే మా అక్క."

అక్క ముందుకొచ్చి కెమెరాకు అడ్డంగా నిలబడింది. "పెద్దావిడ, అప్పుడప్పుడూ మతి కుదురుగా ఉండదు. నువ్వు ఆపు బాబూ."

పెళ్లికూతురు అద్దంలోనే తన తల్లి ముఖం చూసింది. అమ్మమ్మ ముఖం చూసింది. "గుండమ్మమ్మదా ఇది?" అంది. ఆ వెంటనే ఆమె ముక్కు ముడుచుకుంది, ముఖమంతా ముడుచుకుంది. "పేలు పడి కోశారన్నారే, ఆ జుట్టా?"

కిటికీ మీద అమ్మాయిలు ఒకరికొకరు దూరం జరిగారు.

"ఎప్పటి పేలో ఇప్పుడుంటాయా పిచ్చిదానా!" అంది అక్క. అనేశాక నోటి మీద చెయ్యి వేసుకుంది.

గుండు పిన్ని అల్లడం ఆపలేదు. "అక్కా, నువ్వు చెప్పు" అంది. గొంతు పెంచలేదు. "అప్పుడు నా తలలో పేలున్నాయా?"

అందరూ అమ్మ వైపు తిరిగారు. చిక్కులక్క కూడా గోడ వదిలి ముందుకు వంగింది. లేవు అంటే చాలు. లేవు అంటే మరెందుకు కోశారన్నది వెనకే వస్తుంది. అమ్మ చీర అంచు సర్దుకుంది. నాలుక తడి చేసుకుంది. కుర్చీ చేతుల మీద వేళ్ళు బిగించి, ఎవరి వైపూ చూడకుండా, "ఉన్నాయి" అంది.

"తియ్యండి!" పెళ్లికూతురు లేచిపోయింది. రంగు వేసిన గోళ్ళతో జడను పట్టి లాగింది. పిన్నులు రాలాయి. "ఛీ, ఛీ, మెడకి తగులుతోంది, తియ్యండమ్మా!" ఊడిన సవరం నేల మీద పడింది. స్నేహితురాళ్ళు కాళ్ళు పైకి లాక్కున్నారు. ఇందాక కళ్ళు తుడుచుకున్న పిల్ల తన తల గీరుకుంది. అక్క చెప్పుకాలితోనే దాన్ని గోడవారకు తోసింది.

గుండు పిన్ని మెల్లగా వంగింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. సవరం తీసి, దుమ్ము దులిపి, అంటుకున్న దూది ముక్క గిల్లి పారేసి, చుట్టలా చుట్టింది. "అయితే ఇది ఎవరికీ పనికిరాదుగా" అంది.

ఆవిడ గదిలో ఒక్కొక్కరి ముఖమే చూసింది.

"మీరందరూ విన్నారుగా" అని దాన్ని సంచిలో పెట్టుకుంది. కొట్టుగదిలో ఉండాల్సిన ఆవిడ బట్టలన్నీ అదే సంచిలో మడతలు పెట్టి ఉన్నాయి. చిక్కులక్క ఆ బట్టల్ని అప్పుడే చూసింది.

పెళ్లికూతురు ఏడుపు మొదలుపెట్టింది. ఉన్న జుట్టు చేతిలోకి తీసుకుని చూసుకుంటే ఎలకతోకంత ఉంది. బయట నుంచి ఎవరో తొందరపెడుతున్నారు. అక్క చిక్కులక్క దగ్గరకు వచ్చింది. దగ్గరకు, అంటే ఆమె మోచెయ్యి పట్టుకునేంత దగ్గరకు. "చిన్నీ, మీ షెడ్డులో ఉంటాయిగా. ఒకటి తెప్పించవే. నీకు పుణ్యముంటుంది."

"అవి దువ్వెనల్లో చెత్త కదక్కా. ఎవరెవరి తలలవో."

"ఎవరిదైతే ఏంటి పిన్నీ, ఎవరిదైనా సరే!" అంది పెళ్లికూతురు వెక్కుతూ. "అది తప్ప ఎవరిదైనా సరే."

చిక్కులక్క మోచెయ్యి మీద అక్క చెయ్యి వంక చూసింది. వెచ్చగా, తడిగా ఉంది. ఇన్నేళ్ళకు ఆ చెయ్యి తనను ముట్టుకుంది.

"చేతులు కడుక్కోవాలి" అని విడిపించుకుని బయటికి నడిచింది. హాలు చివర కుళాయి దగ్గర నిలబడి చేతులు కడుక్కుంది. ఆ తర్వాత అక్క పట్టుకున్న మోచెయ్యి కడుక్కుంది. తల ఎత్తేసరికి సంచి పట్టుకుని గుండు పిన్ని పక్కన నిలబడి ఉంది.

"మీ ఇల్లు దూరమా?" అంది.

"నడిచిపోవచ్చు పిన్నీ."

*

చిక్కులక్క ఉండేది ఒంటి గది. కిటికీ పడమటి వైపుకు ఉంది కాబట్టి మధ్యాహ్నం దాటాక ఎండ నేరుగా లోపలికి వస్తుంది. ఆమె టీ కాచి, రెండు స్టీలు గ్లాసుల్లో పోసి, ఒకటి పిన్ని ముందు పెట్టింది. గుండు పిన్ని గ్లాసు వేడికి వేళ్ళు మార్చుకుంటూ, కాసేపు చల్లారనిచ్చి, చివరి దాకా తాగింది. గ్లాసు కడగడానికి లేవబోయింది.

"కూర్చో" అంది చిక్కులక్క.

కూర్చుంది. చేతులకు ఏం చెయ్యాలో తోచక సంచి దగ్గరకు లాక్కుంది. సవరం తీసి ఒళ్ళో పెట్టుకుని, ముడి దారం వేలితో తడిమింది. చిక్కులక్క బ్లేడు అందించింది. గుండు పిన్ని దారాన్ని ఒక్కో చుట్టూ తెంపి, తెగిన చోటును అరచేతిలో పరుచుకుని చూసింది. కొసల మీద బొటనవేలు ఆనించి, మెట్లు దిగినట్టు, ఒక్కోటి దాటుకుంటూ పోయింది. వాలుగా తెగిన చోట వేలు ఆగింది. ఆవిడ తల, ఆ వైపుకే, రవ్వంత పక్కకు ఒరిగింది.

"పేల దువ్వెన ఉందా నీ దగ్గర?"

"ఉంది."

"తెల్లగుడ్డ పరిచి దువ్వి చూడవే. మా అక్క ఉన్నాయంది కదా."

చిక్కులక్క కాదనలేదు. కిటికీ కింద గుడ్డ పరిచింది. కుచ్చును పలచగా విడదీసి, పాయ తర్వాత పాయ, కుదుళ్ళ నుంచి కొసల దాకా, సన్నపళ్ళ దువ్వెనతో దువ్వింది. ప్రతి పాయ అయ్యాక దువ్వెనను గుడ్డ మీద తట్టి, ఎండలో వంగి చూసింది. షెడ్డులో సరుకు చూసే చూపుతోనే చూసింది. గుండు పిన్ని ఆమె చేతుల వంకే చూస్తూ కూర్చుంది. మళ్ళీ మొదటి పాయ దగ్గరకు వెళ్లి, మళ్ళీ అంతా దువ్వింది. గుడ్డ తెల్లగానే ఉంది.

"లేవు పిన్నీ."

"సరిగ్గా చూశావా?"

"చూశాను. ఒక్కటీ లేదు."

గుండు పిన్ని తల ఊపింది. పొట్టి తెల్లజుట్టు మీద, మెడ వెనక, అరచెయ్యి పెట్టుకుని ఒకసారి కిందకి దువ్వుకుంది.

"ఆ రోజూ లేవే" అంది.